గడపదాకా పిలిచిన పాట

నాకు కోపం జాస్తి. మద్రాసులో మా వ్యాసర్పాడి రైలుయార్డు పక్క వీధిలో ఎవురినడిగినా ఇదే చెప్తారు. అంజలై నోట్లో పడొద్దు అంటారు. సరే, పడబాకండి, నాకేం నష్టం? అయితే ఇంట్లో ఎవురన్నా పోతే మాత్రం మొదట పరిగెత్తుకొచ్చేది నా వాకిట్లోకే. నలభై ఏండ్లుగా చావిండ్లలో ఒప్పారి పాడేదాన్ని నేను. పోయినవాళ్ళ పేరు పెట్టి, వాళ్ళ మంచీచెడ్డా చెప్పి, రొమ్ము బాదుకుంటా శోకం తీసే పాట అది. మా అమ్మమ్మ నెల్లూరు తట్టునుంచి మిల్లు పనికి ఈడికొచ్చినప్పుడు ఆ పాటలు తెచ్చింది. అరవం వాళ్ళకు అరవంలో పాడతా, మనోళ్ళకు తెలుగులో పాడతా.

ఈ జనవరిలో సునయన అని ఒక పిల్ల మా వీధికి వొచ్చింది. రాయపురంలో పాత గోదామొకటి బాగుచేసి, ఊరి చరిత్ర దాచిపెట్టే ఆపీసు పెట్టినారు. ఆర్కైవు అంటారు దాన్ని. సునయనకు ఆడ ఉద్యోగం. కాకినాడ తట్టు పిల్ల, వొచ్చి రెండేండ్లయింది, నోరు తెరిస్తే 'అండీ' లేకుండా మాట రాదు. ఇల్లిల్లూ తిరిగి పాత ఫోటోలు, మిల్లు కార్డులు, చర్చి పెళ్ళి పత్రికలు అడిగి తీసుకునేది. కాపీ తీసుకుని, ఇచ్చినవి ఇచ్చినట్టే తెచ్చి అప్పజెప్పేది. దానికి నా ఇల్లు ఎవురో చూపించినారు.

"అమ్మా, మీ ఒప్పారి రికార్డు చేసుకుంటామండి. మా దగ్గర ఈ వీధి ఫోటోలు ఉన్నాయి గానీ గొంతు ఒక్కటీ లేదు" అనింది.

"ఎవురు పోయినారు?" అంటిని.

"ఎవరూ పోలేదండి. ఊరికే..."

"ఊరికే పాడేదానికి ఇదేమన్నా లాలిపాటా? లే, లేచి నడు."

అది లేవలేదు. నవ్వుతా నేలమీద సర్దుకుని కూర్చుని, "ఎందుకు పాడకూడదో అదన్నా చెప్పండి, రాసుకుంటాను" అనింది. ఈ చదువుకున్నోళ్ళతో ఇదే చిక్కు. తిట్టినా రాసుకుంటారు.

చెప్పినా. ఒప్పారికి పేరు కావాల, పోయినవాళ్ళ పేరు. మొదట వాళ్ళను లేపుతాం. తరవాత వీధి చివరనుంచి గడపదాకా పిలుస్తాం, నీ బిడ్డను చూడు, నీ చెంబు చూడు, నువ్వు మడిచిపెట్టిన చీర చూడు అని అన్నీ చూపిస్తాం. ఆఖర్న సాగనంపుతాం. ఈ మూడూ అయితేనే పాట. పేరు లేకుండా పిలిస్తే ఎవురొచ్చి నిలబడతారో ఎవురికి తెలుసు?

"ఏదో ఒక పేరు ఊహించుకుని పాడితే అండీ?"

"ఆ పేరు మనిషి ఊర్లో యాడో బతికుంటే? నువ్వు పోయి వాళ్ళింట్లో జవాబు చెప్తావా?"

అట్టయితే వాళ్ళ నాయనమ్మ శారదాంబ పేరు పెట్టమనింది. పదేండ్ల కింద పోయిందంట, కర్మలన్నీ చక్కగా చేసినారంట. సాగనంపిన మనిషిని పనిగట్టుకుని లేపమంటాది! నాకు ఒళ్ళు మండింది. "మీ నాయనమ్మ నీకేం అపకారం చేసిందే?" అని తరిమేస్తిని.

మూడుసార్లు వొచ్చింది. మూడోసారి నేనే నోరు జారినా. ఎవురికయితే ఒప్పారి పాడకుండానే కాల్చేసినారో, వాళ్ళ పేరు మీద మాత్రం ఎప్పుడైనా పాడొచ్చు అన్నా. "అలాంటివాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అది మెల్లగా అడిగింది. ఉండారు. నా కూతురు ఇంద్రజ.

ఇంద్రజ బట్టల కంపెనీలో మిషను కుట్టేది. కరోనా రెండోసారి వొచ్చినప్పుడు, ఆ మే నెలలో, సోమవారం జ్వరమనింది, శనివారానికి లేదు. ఆస్పత్రినుంచి మూటగట్టి నేరుగా కాల్చేదానికి తీసకపోయినారు. ఆ రోజుల్లో అందరికీ అంతే, ఎవురినీ తప్పు పట్టేదానికి లేదు. మొగం చూపించలేదు, ఇంటి ముందర దించలేదు, పదిమంది చేరలేదు. దాని మొగుడు అంతకుముందే సేలం పోయి ఇంకో సంసారం పెట్టుకున్నాడు. బిడ్డ షాలినికి అప్పుడు ఐదేండ్లు. ఊర్లో వాళ్ళందరి కోసం పాడిన నోరు కన్నకూతురికి ఒక్క ముక్క పాడలేదు. ఆ బాధ ఎట్టాంటిదో నేను చెప్పలేను, చెప్పినా మీకు తెలీదు.

అందుకే ఒప్పుకున్నా. ఆర్కైవు కోసం కాదు, సునయన కోసం కాదు. నా ఇంద్రజను సాగనంపాల, అంతే.

ఒక పొద్దున పదిగంటలకు పోతిని. రికార్డు చేసే గది గోడలకంతా పరుపుల మాదిరివి అతికించినారు, మన మాట మనకే వెనక్కి రాదు. మిషను చూసుకునేది జెబరాజ్. తొండియార్‌పేట మనిషి, చర్చివాళ్ళు, ఇంట్లో తెలుగే. "అక్కా, మీరు అయిపోయిందని చెప్పిందాకా నేను ఆపను. మధ్యలో నీళ్ళు తాగినా, ఏడ్చినా, సుమ్మా, ఊరికే కూర్చున్నా సరే. మా ఆపీసులో కోసేది ఉండదు" అన్నాడు. కండ్లు మూసుకుని పాడినా. ఎంతసేపు పాడినానో తెలీదు. బయటికొచ్చినప్పుడు ఎండ నెత్తిమీద ఉన్నింది. బస్సులో గుండె తేలిగ్గా అనిపించింది. చెయ్యాల్సింది చేసేసినా అనుకున్నా.

మార్చిలో వాళ్ళు ఎగ్జిబిషను పెట్టినారు, ఉత్తర మద్రాసు గొంతులని. నన్నూ పిలిచినారు గానీ అప్పుడు నాకు మోకాలి నొప్పి, పోలేదు. గోడలకు మా వీధి ఫోటోలు, మధ్యలో నా గొంతు. నా పాటలోనుంచి నాలుగు నిమిషాల ముక్క తీసి, పొద్దున పదినుంచి సాయంత్రం ఆరుదాకా తిరిగి తిరిగి వచ్చేట్టు పెట్టినారంట. అదే ముక్కను నెట్టులో కూడా పెట్టినారు, ఎవురి ఫోనులో వాళ్ళు వినేదానికి. ఇవన్నీ నాకు తరవాత తెలిసినాయి. మొదట ఈ కబురు తెచ్చింది షాలిని.

షాలినికి ఇప్పుడు తొమ్మిదేండ్లు. ఇస్కూలు వాళ్ళు పిల్లలందరినీ ఆ ఎగ్జిబిషనుకు తీసకపోయినారు. సాయంత్రం ఇంటికొచ్చి, సంచి దించకుండానే అడిగింది. "అవ్వా, మా అమ్మను ఎందుకు పిలిచినావు?"

"ఎవురు చెప్పినారే?"

"నేనే విన్నాను. ఆడ పెట్టెలోనుంచి నువ్వు పిలస్తా ఉండావు. అయిపోతాది, మళ్ళా పిలస్తావు. టీచరు రమ్మన్నా నేను రాలేదు. ఏడుసార్లు విన్నాను" అని, ఆ ముక్క నాకే పాడి చూపించింది.

"లేమ్మా ఇంద్రజా, పొద్దు మీదికొచ్చె,
నీ మిషను నీ కోసం మూగబోయి కూర్చుండె,
వీధి దాటి రావమ్మా, వాకిలి దాటి రావమ్మా,
గడపకాడ నీ కోసం కండ్లు కాయలు గాచె."

ఆడికి ఆపింది. "తరవాత?" అంటిని. "తరవాత లేదు, మళ్ళా లేమ్మా ఇంద్రజా అని వొస్తాది" అనింది.

ఆ నాలుగు నిమిషాల్లో లేపేది ఉండాది, పిలిచేది ఉండాది, సాగనంపేది లేదు. నా కూతుర్ని గడపదాకా పిలిచి, ఆడ నిలబెట్టి, మళ్ళా మొదటినుంచి పిలస్తా ఉండారు. రోజుకు ఎన్నిసార్లు! ఎదురింటి వినోదిని తన ఫోను తెచ్చి చూపించింది. నెట్టులో ఆ ముక్కను పన్నెండువేలసార్లు విన్నారంట. అది సంబరంగా చెప్పింది, "అక్కా, నువ్వు ఫేమస్ అయిపోయినావు" అని. ఫేమసంట! పన్నెండువేలసార్లు నా బిడ్డను నిద్ర లేపినారు.

ఇంక ఆ పొద్దునుంచి మా ఇల్లు మా ఇల్లుగా లేదు. మధ్యాన్నం పూట మిషను నూనె వాసన వొస్తాది. కుట్టుమిషనుకు వేస్తారు చూడు, ఆ నూనె. ఇంద్రజ పనినుంచి వొచ్చేప్పుడు దాని చేతులకు ఆ వాసనే ఉండేది. మా ఇంట్లో మిషను లేదు, చుట్టుపక్కలా లేదు. గాలి లేనప్పుడు గూడా వాకిలి కర్టెను లోపలికి ఉబుకుతాది, దాని ఎనకాల మనిషి నిలబడినట్టు. ఎంత ఎత్తు మనిషో కూడా చెప్పగలను నేను, కన్నదాన్ని గదా.

అన్నిటికంటే ఆ గడప. ఏప్రిల్ ఎండలకు సిమెంటు గడప మధ్యాన్నానికి పెనం మాదిరి కాలిపోతాది. ఒక పొద్దు నేను ఉత్తకాళ్ళతో దాటుతుంటే, మధ్యలో ఒక్కచోట చల్లగా తగిలింది. వొంగి చెయ్యి పెట్టి చూస్తిని. రెండు పాదాలు పట్టేంత చోటు, కడవ కింది నేల మాదిరి చల్లగా ఉండాది. చుట్టూ ఎక్కడ పెట్టినా చెయ్యి కాలిపోతాది. చెయ్యి ఎనక్కి తీసుకోబుద్ధి కాలేదు నాకు. భయం వేసింది, అది నిజం. తీసుకోబుద్ధి కాలేదు, అదీ నిజం.

షాలిని ఆ చోటు నాకంటే ముందే కనిపెట్టింది. ఇస్కూలు లీవులు వొచ్చినాయి, ఇంక పొద్దస్తమానం ఆడనే. చల్లని చోట అరచెయ్యి ఆనించి, గడప పక్కన కూర్చుంటాది. పిలిస్తే పలకదు. ఇడ్లీ పెడితే సగం తిని సగం అట్నే ఉంచుతాది. ఆడుకునేదానికి పోదు. రెండు వారాల్లో బిడ్డ మొగం పీక్కపోయింది, గౌను భుజాలమీదినుంచి జారిపోతా ఉండాది. "లోపలికి రావే" అని రెక్క పట్టుకుని లాగితే, "ఉండు అవ్వా, అమ్మ నిలబడి ఉండాది" అంటాది, రైలొచ్చేదాకా రవంత ఉండు అన్నట్టు.

మా ఒప్పారి పాడేవాళ్ళల్లో ఒక మాట ఉండాది. పిలిచి సాగనంపని తల్లి ఉత్తచేతులతో ఎనక్కి పోదంట, బిడ్డను తీసకపోతాదంట. ఈ మాట చెప్పి నేనే ఎందరినో భయపెట్టినా, పద్ధతి తప్పొద్దని. ఇప్పుడు నా షాలిని గడపకాడ కూర్చోనుండాది, రోజురోజుకూ చిక్కిపోతా ఉండాది. కూతుర్ని ఇచ్చేసినా. దీన్ని కూడా ఇచ్చేదానికి నా వల్ల కాదు.

షాలిని చెయ్యి పట్టుకుని నేరుగా ఆర్కైవుకు పోతిని. వాకిట్లో సెక్యూరిటీ వాడు పేరు రాయమన్నాడు. "రాయి, అంజలై వొచ్చింది, కొట్టేదానికి వొచ్చింది అని రాయి" అన్నా. హాల్లోకి అడుగు పెడితే నా గొంతే ఎదురొచ్చింది. 'వాకిలి దాటి రావమ్మా' అంటా ఉండాది. షాలిని నా చెయ్యి విడిపించుకుని ఆ పెట్టె దగ్గిరికి పోయి నిలబడింది.

సునయన పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా?"

"ఏమైందా? కోసేది ఉండదని చెప్పి నా పాటను మెడ కోసినట్టు కోసేస్తిరి గదే! సాగనంపేది యాడ? అది తీసేసి, బిడ్డను నడివాకిట్లో నిలబెట్టి, ఊరంతా పిలిచి పిలిచి ఆడిస్తా ఉండారు. మీ ఇంట్లో ఆడబిడ్డను ఇట్ట చేస్తారా?"

హాల్లో ఉన్నోళ్ళంతా తిరిగి చూసినారు. చూడనీ. సునయన పెట్టెకాడికి పోయి మొదట ఆ పాట ఆపేసింది. తరవాత చెప్పింది. జనం నాలుగు నిమిషాలకంటే నిలబడి వినరండి, అందుకే ఎగ్జిబిషనుకు ముక్క చేశాము, తప్పే, మిమ్మల్ని అడగాల్సింది. పూర్తి రికార్డు మాత్రం లోపల భద్రంగా ఉంది, ఒక్క క్షణం కూడా కోయలేదు, రేపటినుంచి అదే వేద్దాము. ఇదంతా ఒకే గుక్కలో చెప్పింది.

"రేపు కాదు, ఇప్పుడే వెయ్యి. అది వినబడితే నా బిడ్డ పోతాది" అంటిని.

జెబరాజ్ గదిలోకి పోయినాం. నేను కుర్చీలో, షాలిని నా కాళ్ళకాడ నేలమీద. కంప్యూటరులో నా పాట పొడుగ్గా గీతల మాదిరి కనిపించింది. ముప్పైయేడు నిమిషాలని రాసుండాది. జెబరాజ్ వేసినాడు.

నా పాట నేను ఎప్పుడూ వినలేదు. చావింట్లో పాడేదాన్ని ఎవురు వింటారు, నేనేం వింటాను! లేపేది వొచ్చింది. నా గొంతు నాకే పరాయిగా ఉండాది, మా అమ్మ పాడినట్టు. తరవాత పిలిచేది. వీధి దాటించినా, వాకిలి దాటించినా, గడపకాడికి తెచ్చినా. ఇంక సాగనంపేది వస్తాది అని చేతులు కట్టుకుని కూర్చున్నా.

రాలేదు. గొంతు ఆగిపోయింది.

కంప్యూటరులో గీతలన్నీ పడుకునేసినాయి. "కరెంటు పోయిందా?" అంటిని. "లేదక్కా, నడస్తానే ఉండాది. మీరు పాడలేదు" అన్నాడు జెబరాజ్. ఊపిరి మాత్రం వినిపిస్తా ఉండాది, నా ఊపిరే. ఒక నిమిషమయింది, రెండయింది. సునయన తల వొంచుకునింది. పదకొండు నిమిషాలు ఉత్త ఊపిరి విన్నాం నలుగురం. తరవాత నా గొంతే వొచ్చింది, పాట కాదు, మామూలు మాట.

"ఈడనే ఉండు తల్లీ. యాడికీ పోబాక."

ఆ ఎనకాల కుర్చీ జరిగిన చప్పుడు. "అయిపోయింది నాయనా, ఆపు" అని జెబరాజ్‌తో నేను చెప్పింది.

"అబద్ధం! మీరేదో చేసినారు!" అని అరిచినా. జెబరాజ్ కోప్పడలేదు. "ఏసు సాక్షి అక్కా, నేను మిషను తాకలేదు. మీరు కండ్లు మూసుకుని కూర్చున్నారు, ఆపొద్దని నాకు అనిపించింది" అన్నాడు. సునయన ఆ రోజు రాసిన కాగితం తీసి చదివింది. ప్రతి రికార్డుకూ ఒక కాగితం ఉంటుందంట. 'గాయని సాగనంపు భాగం పాడలేదు. కారణం అడగలేదు, అడిగే స్థితి కాదు' అని ఉండాది దాంట్లో. పాడినానని నేను ఇన్నాళ్ళూ నమ్మినా. నలభై ఏండ్లలో ఎన్నడూ మరిచిపోని ముక్కను నా కూతురి దగ్గరే మింగేసినా.

షాలిని నా మోకాలు తట్టింది. "చూసినావా అవ్వా? నువ్వే ఉండమన్నావు."

"నీకోసమే గదే... నిన్ను చూసేదానికి గదే వొచ్చింది మీ అమ్మ."

"లేదు." చిన్నగా చెప్పింది, ఏడుపు లేకుండా. "నన్ను చూడదు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నువ్వు యాడ తిరిగితే ఆడికే చూస్తా ఉంటాది. నువ్వు వంట చేస్తే వంటింటి తట్టు, నువ్వు పడుకుంటే మంచం తట్టు."

"మరి నువ్వెందుకే ఆడ కూర్చుంటావు?"

"అమ్మ రవంత కిందికి వొంగితే నన్ను కూడా చూస్తుందేమోనని."

బిడ్డను కన్నతల్లి తీసకపోతుందని నేను భయపడతా ఉండా. తీసకపోయేది ఇంద్రజ కాదు. దాని చావు పట్టుకుని వేలాడి, బతికున్న బిడ్డను గడపకాడ ఎండబెట్టింది నేను. ఛీ, నేనూ ఒక మనిషినా అనిపించింది.

సునయన నా పక్కన మోకాళ్ళమీద కూర్చునింది. "అమ్మా, మేము దేన్నీ చెరపము. కానీ ఇది మీది. చెరపమంటే ఇప్పుడే అన్నిచోట్లనుంచీ చెరిపేస్తాను" అనింది.

"చెరిపితే? పిలిచిన గొంతు కూడా లేకుండా అది ఆడ్నే నిలబడిపోతాది. వద్దు. మిషను వెయ్యి నాయనా."

జెబరాజ్ మైకు నా ముందర పెట్టినాడు. ఎర్రదీపం వెలిగింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఎందరి తల్లుల్ని, ఎందరి మొగుళ్ళని ఒక్క దమ్ములో సాగనంపినదాన్ని! రెండోసారి తెరిస్తిని, దగ్గొచ్చింది. మూడోసారి షాలిని తలమీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టినా.

"చూసింది చాలమ్మా, నిలిచింది చాలమ్మా,
నీ బిడ్డ నా బిడ్డ, నా కొంగు దాని నీడ,
దారి చల్లబడె, దీపం సద్దుమణిగె,
ఎనకతట్టు చూడబాక, ఇంద్రజా..."

ఆడికొచ్చినాక మూడుసార్లు 'పో' అనాల. బతికుండేవాళ్ళతో మనం ఎన్నడూ ఆ మాట అనం. టీ తాగేదానికి వీధి చివరికి పోయేవాడిని కూడా పోయిరా అంటాం గానీ పో అనం. సాగనంపేప్పుడు మాత్రం పో అనాల్సిందే, రావడం అనే మాట నోట రాకూడదు. వొస్తే అంతా చెడిపోయినట్టే, మొదటినుంచి పాడాల. అందుకే ఆ మాట పాడేవాళ్ళకు అన్నిటికంటే బరువు.

"పో" అంటిని. గోడలు మింగేసినాయి.

"పో తల్లీ" అంటిని.

మూడోది రాలేదు. పెదాలు కదులుతా ఉండాయి, చప్పుడు లేదు. మిషను నూనె వాసన గుప్పున వొచ్చింది, రాయపురంలో, ఆ పరుపుల గదిలో. జెబరాజ్ ముక్కు ఎగబీల్చి తలుపు తట్టు చూసినాడు. వాడికీ తెలిసింది.

షాలిని లేచి నిలబడింది. మైకు దానికి అందేంత ఎత్తులోనే ఉండాది. తలుపు తట్టు తిరిగి, ఇస్కూలుకు పోయేప్పుడు చెయ్యి ఊపినట్టు ఊపి, చక్కగా, గట్టిగా చెప్పింది.

"పోయిరా అమ్మా."

అనకూడని మాట అనేసింది. బిడ్డకు మేం నేర్పిందే అది. ఎవురు బయల్దేరినా పో అనకూడదు, పోయిరా అనాల అని, నడక రాని పొద్దునుంచి నేర్పినాం. నేర్పించింది నేనే, దాని తల్లీ.

వాసన పోయింది. ఒక్కసారిగా, వొత్తి ఆర్పినట్టు. షాలిని తలుపు తట్టే చూస్తా ఉన్నింది. దాని మొగం విప్పారింది. "చూసింది అవ్వా! ఎనక్కి తిరిగి నన్ను చూసి పోయింది" అనింది. ఆ మాట చెప్పి, బల్లమీద ఉన్న జెబరాజ్ నీళ్ళ బాటిలు తీసుకుని గటగటా సగం తాగేసింది. రెండు వారాల తరవాత ఆ బిడ్డ తనంతట తను ఏదన్నా నోట్లో పోసుకున్నది అదే మొదలు.

జెబరాజ్ కండ్లు తుడుచుకుని, "అక్కా, పద్ధతి ప్రకారం తప్పు గదా. మళ్ళా మొదటినుంచి తీద్దామా?" అన్నాడు.

"వద్దు. ఉంచు."

సునయన కాగితం తీసింది. నేను చెప్పినా, అది రాసుకునింది. రెండు రికార్డులూ ఒకటిగా ఉంచాల. ముక్క కోసేది లేదు, ఫోన్లకు పంపేది లేదు. వినాలని ఆశపడేవాళ్ళు ఎవురైనా సరే ఈడికొచ్చి, ఈ గదిలో కూర్చుని, మొదటినుంచి కడదాకా వినాల, ఆ పదకొండు నిమిషాల ఊపిరితో సహా. ఓపిక లేనోళ్ళు ఫోటోలు చూసుకుని పోవచ్చు. సునయన అన్నీ రాసి, "ముగిసింది అని రాయనా అమ్మా?" అని అడిగింది. "రాయి" అన్నా. అబద్ధమో నిజమో నాకు తెలీదు.

మెట్లు దిగి వీధిలోకొచ్చినాం. షాలిని ఆకలనింది, బజ్జీలు కావాలనింది. కొనిస్తే రెండు చేతుల్తో తినింది. తింటా తింటా అడిగింది, "అవ్వా, అమ్మ మళ్ళా ఎప్పుడొస్తాది?"

కోపం తెచ్చుకుందామని చూస్తిని, రాలేదు. రాదు అని చెప్పాల, అదీ నోట రాలేదు.

"నేను పోయేప్పుడు వొస్తాది, నన్ను తీసకపోయేదానికి. అప్పుడు నువ్వు మా ఇద్దర్నీ కలిపి పంపించాల. పోయిరా అనేవు, అనకూడదు. పో అనాల" అంటిని.

షాలిని నమలడం ఆపింది. పెదాలు కలిపి ఆ మాట అనేదానికి చూసింది. నా మొగం చూసింది. తల అడ్డంగా ఊపింది.

"నేర్పిస్తానులే. టైముండాది, తిను" అంటిని.